కాగితం ఒక్కటీ మిగల్చని అమ్మ జీవితాన్ని ఎలా రాయాలి?

ప్రశ్న: కావలి ఆడపడుచు, వేళచ్చేరి

నమస్కారం. మా స్వస్థలం నెల్లూరు జిల్లా కావలి. పెళ్లయినప్పటి నుంచి, అంటే ఇరవై రెండేళ్లుగా, చెన్నైలో ఉంటున్నాను. వచ్చే మాఘమాసానికి మా అమ్మ పోయి ఏడాది నిండుతుంది. సంవత్సరీకానికి వచ్చే బంధువులకూ ఊరివాళ్లకూ ఇవ్వడానికి ఆమె జీవితం మీద నలభై పేజీల చిన్న పుస్తకం వేయించాలని తోబుట్టువులందరం అనుకున్నాం. రాసే పని నా మీద పడింది. మూడు నెలలుగా కూర్చుంటున్నాను గానీ పుట్టుక, పెళ్లి, పిల్లలు, మనుమలు అనే నాలుగు పేరాలు దాటి కలం కదలడం లేదు.

అమ్మ ఎనిమిదో తరగతి వరకే చదివింది. ఉద్యోగం చేయలేదు, ఏ సంఘానికీ అధ్యక్షురాలు కాలేదు, ఒక్క శాలువా కూడా కప్పించుకోలేదు. 1989 నవంబరులో పెనుతుపాను కావలి దగ్గర తీరం దాటినప్పుడు వీధి చివరి పూరిళ్లన్నీ లేచిపోతే, ఆరు కుటుంబాలను మా పెంకుటింటి వసారాలో ఉంచుకుని, ఇంట్లో ఉన్న బియ్యం అయిపోయేదాకా వండిపెట్టిందని నాన్న చెప్పేవారు. జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు రాత్రి పూట లాంతరు పట్టుకుని పక్క పాళేనికి వెళ్లి, కూలి నుంచి తిరిగివచ్చిన ఆడవాళ్ల చేత అక్షరాలు దిద్దించేది. 1992లో ఆ ఆడవాళ్లతో కలిసే సారా దుకాణం ముందు కూర్చుంది. ఆ తరువాత పొదుపు సంఘాల లెక్కలు రాసిపెట్టడం, కాన్పులకు ఆసుపత్రికి తోడు వెళ్లడం, బడి మాన్పించిన ఆడపిల్లల తండ్రులను బతిమాలి ఒప్పించడం ఆమె నిత్యకృత్యాలయ్యాయి. వీటిలో దేనికీ ఆధారం లేదు.

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ రాత్రులలో మాకు అన్నం పెట్టి పడుకోబెట్టింది మా అక్క. దానికప్పుడు పన్నెండేళ్లు, నాకు ఎనిమిది. నాకు జ్వరం వచ్చిన రాత్రి కూడా అమ్మ వెళ్లిందన్న బాధ నాలో ఇప్పటికీ ఉంది. పుస్తకంలో ఇది రాయవచ్చా? తక్కినవాటికి ఆధారాలు ఎక్కడ వెతకాలి?

సమాధానం: విశ్రాంత ఉపాధ్యాయుడు, పెరంబూరు

అమ్మా, నేను ఉదయగిరి వైపు పల్లెల్లో బడిపంతులుగా ఉంటూ ఆ అక్షరాస్యత ఉద్యమంలో పాలుపంచుకున్నవాణ్ణి. ముందుగా మీ పుస్తకంలో స్వచ్ఛందంగా చదువు చెప్పే ఆ పని ఎలాంటిదో వివరించండి, ఎందుకంటే ఈనాటి పిల్లలకు వాలంటీరు అనగానే 2019 తరువాత ఐదు వేల రూపాయల గౌరవ వేతనం మీద ఇంటింటికీ తిరిగిన వాలంటీర్లే గుర్తుకు వస్తారు. మీ అమ్మగారి కాలంలో పలకలు, బలపాలు, వాచకాలు ఇచ్చేవారు. చదువు చెప్పేవారికి పైసా ఉండేది కాదు. మూడు వాచకాలను సుమారు 200 గంటలలో పూర్తి చేయాలి, చదవడం, రాయడం, లెక్క మూడూ కలిపి నేర్పాలి. పగలంతా నాట్లు వేసి నడుము పట్టేసిన మనిషిని రాత్రి ఎనిమిదింటికి పలక ముందు కూర్చోబెట్టి ఆ గంటలు పూర్తి చేయించడం ఎంత ఓర్పుతో కూడిన పనో చేసినవారికే తెలుస్తుంది.

ఆ పలకల ముందే సారా మాట పుట్టింది. తాగుడు వల్ల చితికిపోయిన సంసారాల పాఠాలు వాచకాలలో ఉండేవి. చదువుతున్నవాళ్లు అది తమ ఇంటి కథేనని గుర్తుపట్టారు. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తమ ఊరిలో సారా దుకాణం మూయించిన ఉదంతం ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా వచ్చి ఊరూరా పాకింది. సారా వేలం పాటలు జరగనివ్వకుండా వందలాది మంది ఆడవాళ్లు అడ్డం కూర్చున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయంటే దాని వెనుక మీ అమ్మగారి వంటి వారి లాంతర్లున్నాయి.

ఆధారాల సంగతికి వస్తే, మీ అమ్మగారి దగ్గర నేర్చుకున్నవాళ్లే మీకు ఆధారం. వాళ్లలో చాలామంది ఇప్పుడు డెబ్బై దాటి ఉంటారు కాబట్టి ఆలస్యం చేయకండి. అయితే “మా అమ్మ ఎలాంటిది?” అని మాత్రం అడగవద్దు. దేవత అంటారు, మాట అక్కడే ఆగిపోతుంది. మొట్టమొదట ఏ మాట రాయించింది, పలక ఇంట్లో ఎక్కడ దాచుకునేవారు, మగవాళ్లు వద్దంటే ఏం చెప్పి బయటపడేవారు, ఈ రోజు బ్యాంకులో సంతకం ఎలా పెడుతున్నారు అని అడగండి. ఆ సంతకాన్ని ఫొటో తీసి పుస్తకంలో వేయండి.

సమాధానం: గ్రంథాలయ పాఠకుడు, ఎగ్మూరు

పత్రికల కోసం కన్నెమరా గ్రంథాలయంలో అడిగి చూడండి. దేశంలో ప్రచురితమయ్యే పుస్తకాలు, పత్రికల ప్రతులు చట్టప్రకారం చేరవలసిన నాలుగు గ్రంథాలయాలలో అది ఒకటి. మీ అమ్మగారి పేరు దొరకడం అనుమానమే కానీ, తుపాను తేదీలు, ధర్నాల వార్తలు దొరికితే అమ్మగారి దగ్గర నేర్చుకున్నవాళ్లు చెప్పే జ్ఞాపకాలను వాటి పక్కన పెట్టి వరుస కుదుర్చుకోవచ్చు.

సమాధానం: లజ్ కార్నర్ నుంచి ఒక అమ్మాయి

అక్కా, మేముండే వీధికి దగ్గరలోనే దుర్గాబాయమ్మ (దుర్గాబాయి దేశ్‌ముఖ్) గారి ఆంధ్ర మహిళా సభ పెరిగింది. 1937లో మద్రాసులో ఆమె దానిని మొదలుపెట్టిన తీరు, అంతకు ముందు కాకినాడ కాంగ్రెసు ప్రదర్శనలో టికెట్టు లేదని నెహ్రూ గారినే ఆపిన సంగతి మనకు తెలుసు. ఎవరో రాసిపెట్టారు కాబట్టే తెలుసు. ఆ ప్రదర్శన దగ్గర నిలబడిన మిగతా ఆడపిల్లల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? మీరు తలపెట్టిన పుస్తకం నాకు అందుకే ముఖ్యమనిపిస్తోంది.

జ్వరం వచ్చిన రాత్రిని తప్పకుండా రాయండి. ఇరవై మందికి చదువు చెప్పడానికి ఒక పన్నెండేళ్ల పిల్ల గిన్నెలు తోమిందంటే, ఆ చదువులో ఆ పిల్ల కష్టం కూడా ఉంది. దానిని తీసేస్తే అమ్మగారి పని సులువుగా జరిగిపోయినట్టు కనిపిస్తుంది. మీ అక్కగారిని అడిగారా?

కావలి ఆడపడుచు

అందరికీ కృతజ్ఞతలు. పోయిన శనివారం పినాకిని రైలులో కావలి వెళ్లి పాళెంలో ముగ్గురిని కలిశాను. మాస్టారు గారు చెప్పినట్టే అడిగాను. ఒకామె పలకను బియ్యం డబ్బాలో దాచేదట, మొగుడు అందులో చెయ్యి పెట్టడు కాబట్టి. ఇంకొకామె చేత అమ్మ మొదట రాయించిన మాట “నూకలు”. ఆ రోజు ఇంట్లో అవే ఉన్నాయని ఆమె అన్నదట. మూడో ఆమె నన్ను చూసి, “లాంతరు పట్టుకుని వచ్చే పెద్దపాప నువ్వేనా?” అని అడిగింది. మమ్మల్ని పడుకోబెట్టాక అక్క కొన్ని రాత్రులు పాళేనికి వెళ్లి వాళ్లకు ఎక్కాలు చెప్పేదని నాకు అప్పుడే తెలిసింది. ముప్పై ఏళ్లకు పైగా అక్క ఈ మాట మాలో ఎవరికీ చెప్పలేదు.

రాత్రి ఫోన్ చేసి అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రుల గురించిన భాగం తానే రాస్తానని, అంతవరకు దానిని నన్ను ముట్టుకోవద్దని చెప్పింది.