అప్‌డేట్: ఇంట్లో చదివే మా బాబు పదో తరగతి సంగతి

అందరికీ వందనాలు. బాబుని ఇంట్లోనే చదివిస్తున్నాం, పదో తరగతి పరీక్ష ఎలా రాయించాలి అని అడిగాను కదా, ఎన్‌ఐఓఎస్‌లో (బడికి వెళ్లకుండానే చదివి పరీక్ష రాయగలిగే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్) చేర్పించాం. 14 ఏళ్లు నిండితే చాలు. 5 సబ్జెక్టులు పాసవ్వాలి, రిజిస్ట్రేషన్ 5 ఏళ్లు చెల్లుతుంది కాబట్టి అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు. ఆ మాట విన్నాక మావారి టెన్షన్ సగం తగ్గింది.

తెలుగు కూడా తీసుకున్నాడు. పొద్దున కుటుంబ ప్రార్థన అయ్యాక సామెతల గ్రంథం నుంచి రెండు వచనాలు డిక్టేషన్ చెబుతాను. ఒత్తులు తప్పితే వాడే బైబిల్ తెరిచి దిద్దుకుంటాడు, ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం. లెక్కలు మాత్రం మా సంఘంలోని రిటైర్డ్ టీచరమ్మగారు ప్రేమగా చెబుతున్నారు. మీరూ ఇదే దారిలో ఉంటే భారమంతా ఒక్కరే మోయకండి, సంఘంలో నోరు తెరిచి అడగండి. సైన్స్ తీసుకుంటే ప్రాక్టికల్స్ స్టడీ సెంటర్‌లో చేయాలి, ఇంటికి దగ్గరున్నది ముందే చూసుకోండి.