షుగర్ బయటపడేసరికే బీటా కణాలు సగం పోతాయా?

తీపిగండం: అమ్మకు ఈమధ్యే టైప్ 2 అని తేలింది, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7.4. ఈపాటికే ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు సగం పని మానేసి ఉంటాయని డాక్టర్ అన్నారు. కిందటేడు పరగడుపున 104 ఉంటే షుగర్ కాదన్నారు కదా, ఏడాదిలో సగం ఎలా పోతాయి? చచ్చిపోయాయా, అలసిపోయాయా? ఒకటే టెన్షన్.

రాత్రిడ్యూటీ: ఏడాదిలో పోలేదండీ. ఆ సగం లెక్క బ్రిటన్‌లో 1977లో మొదలైన యూకేపీడీఎస్ అధ్యయనంలోది. కొత్తగా షుగర్ తేలినవాళ్లలో బీటా కణాల పనితనం అప్పటికే దాదాపు 50 శాతానికి పడిపోయి ఉంది, ఆ తగ్గుదల గీతను వెనక్కి పొడిగిస్తే పదేళ్ల ముందు నుంచే దిగుతూ వచ్చినట్టు తేలింది (వెనక్కి పొడిగించడం అంచనాయే, కొలిచింది కాదు). ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు ఈ కణాలు ఎక్కువ తయారుచేసి కొన్నేళ్లు నెట్టుకొస్తాయి, అందాకా రిపోర్టులు బాగానే వస్తాయి. మొదట దెబ్బతినేది గ్లూకోజ్ పెరగగానే తొలి పది నిమిషాల్లో గబుక్కున వచ్చే ఇన్సులిన్. పరగడుపు పరీక్ష ఒక్కటే చూస్తే అది పట్టుబడదు.

బీటాబాబు: చావడం, అలసిపోవడం రెండూ ఉన్నాయి. 2003లో వచ్చిన శవపరీక్షల అధ్యయనంలో, టైప్ 2 ఉన్న లావుపాటి వాళ్లలో బీటా కణాల మోతాదు అదే ఒళ్లున్న మామూలు వాళ్లకంటే 63 శాతం తక్కువ. ఇంకా షుగర్ అనిపించుకోని, పరగడుపున కాస్త ఎక్కువ ఉన్నవాళ్లలోనే 40 శాతం తక్కువ! కానీ ఎలుకల్లో చూస్తే కొన్ని కణాలు బతికే ఉండి ఇన్సులిన్ తయారీ మాత్రం మానేశాయి, ఎక్కువ గ్లూకోజ్, కొవ్వు మధ్య నానుతుంటే అలా అవుతుంది. నా ఆశ వీటి మీదే. డైరెక్ట్ అనే ట్రయల్‌లో షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లను గట్టిగా బరువు తగ్గిస్తే, ఏడాదికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. ఆలస్యమయ్యేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది.

తీపిగండం: థాంక్సండీ, కానీ అమ్మ సన్నగానే ఉంటుంది, తగ్గించడానికి బరువేముంది?

రాత్రిడ్యూటీ: అయితే ముందు గ్యాడ్ యాంటీబాడీ (ఒళ్లే ఈ కణాల మీద దాడి చేస్తోందా అని చూసేది), సీ-పెప్టైడ్ పరీక్షల గురించి డాక్టర్‌ని అడగండి. పెద్దవయసులో మెల్లగా వచ్చే ఆటోఇమ్యూన్ రకం ఒకటుంది, చూడ్డానికి టైప్ 2 లాగే ఉంటుంది, అందులో కణాలను సొంత రోగనిరోధక వ్యవస్థే చంపేస్తుంది, ఇన్సులిన్ అవసరం త్వరగా పడుతుంది. సీ-పెప్టైడ్ ఇన్సులిన్‌తో సమానంగా విడుదలవుతుంది కాబట్టి సొంత తయారీ ఎంత మిగిలిందో చెబుతుంది. షుగర్ మరీ ఎక్కువున్న రోజు చేయిస్తే తక్కువ చూపించొచ్చు, కాస్త అదుపులోకి వచ్చాక చేయించడం మేలు.

బీటాబాబు: సన్నగా ఉన్నా టైప్ 2 వస్తుంది లెండి, రిపోర్టు రాకముందే ఆ రకమే అనుకోకండి. రాగానే ఇక్కడ పెట్టండి.