ఏడాదికి రెండుసార్లు మించి వ్యాక్స్ వేసే ఓపిక లేదు, ఏది తీసుకోమంటారు?

నల్లబండి:

నమస్కారం అండీ. నా కారు నలుపు, ఆరేళ్ల పాతది, పగలూ రాత్రీ చెట్టు కిందే ఉంటుంది. పోయిన నెల మొదటిసారి సొంతంగా వ్యాక్స్ వేశాను. డబ్బాలో గట్టిగా ఉండే పేస్టు రకం. కారంతా ఒకేసారి పూసేసి, ఆరాక తుడుద్దాంలే అని ఫోన్ మాట్లాడుతూ కూర్చున్నా. తిరిగొచ్చి చూస్తే సున్నం కొట్టినట్టు పట్టేసింది. ఒక్క బానెట్ తుడిచేసరికే భుజం పోయింది. మధ్యాహ్నం ఎండలో వేశాను, ఒప్పుకుంటున్నా. అద్దాల కింద నల్ల ప్లాస్టిక్ మీద తెల్ల చారలు ఇప్పటికీ వదల్లేదు.

ఇంత చేస్తే మూడు వారాలకే నీళ్లు బొట్లు కట్టడం మానేసి పలకలా పరుచుకుంటున్నాయి. స్ప్రే వ్యాక్స్ సులువే గానీ నిలవదంటున్నారు. సిరామిక్ కోటింగ్ అంటే, అదే పెయింటు మీద గట్టిపడిపోయే పూత, నాకు భయం, తేడా వస్తే వదిలించుకోవడం కష్టమట. నాకు కావాల్సిందల్లా పూసి తుడవడం గంటన్నరలో అయిపోవాలి, నాలుగైదు నెలలు ఉండాలి. మెరుపు అద్దంలా లేకపోయినా పర్లేదు. అత్యాశా?

పాతబకెట్టు:

అత్యాశేం కాదు. కాకపోతే మీరు డబ్బాని తిడుతున్నారు గానీ, పాపం సగం ఎండది, సగం మీరు పూసిన మందానిది. నేనూ మొదటి ఏడాది ఇదే చేశాను. నాదైతే రాత్రి పొద్దుపోయే దాకా టార్చిలైటు పెట్టుకుని తుడిచిన చరిత్ర.

ముందు రకం సంగతి. పేస్టు డబ్బాల మీద కనిపించే కార్నౌబా అంటే ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం. సహజ మైనాల్లో చాలా గట్టిది, 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అచ్చంగా అదొక్కటే ఉంటే ఇటుకలా ఉంటుంది, చేత్తో పూయలేం. అందుకే నూనెలు, ద్రావకాలు కలిపి మెత్తబరుస్తారు. "100 శాతం కార్నౌబా" అని రాసి ఉన్నా డబ్బా నిండా అదే ఉందని కాదు. ముదురు రంగుల మీద నిగారింపు బాగుంటుంది గానీ, బయట ఉండే కారుకి నెల, మహా అయితే రెండు నెలలు. మీరు అడిగే నాలుగైదు నెలలకి పాలిమర్ సీలెంటు (మైనం బదులు కృత్రిమ పదార్థంతో చేసే పూత) గానీ, మైనమూ పాలిమరూ కలిసిన లిక్విడ్ గానీ చూడండి. నేను చాన్నాళ్లుగా వాడేది కొల్లినైట్ 845. సీసాలో వస్తుంది, చలికి చిక్కబడుతుంది, వేణ్నీళ్లలో కాసేపు ఉంచి బాగా ఊపితే దారికొస్తుంది.

ఏది కొన్నా పూసే తీరు మార్చకపోతే మళ్లీ భుజమే. అరచేతి వెనక భాగం బానెట్‌కి ఆనించండి. వెచ్చగా తగిలితే ఆ రోజుకి మానేయండి. ఒక డోరుకి గోరంత మందు చాలు. పూత ఉందా లేదా అని పక్కకి వంగి వెలుతురులో చూస్తే తప్ప తెలియకూడదు. పెయింటుని అంటుకునేది అడుగున ఉన్న ఆ పల్చటి పొరే, పైదంతా మీ గుడ్డలోకే పోతుంది. కాసేపాగి వేలితో చిన్న గీత గీయండి. కింద పెయింటు శుభ్రంగా కనబడితే తుడిచేయొచ్చు, జిడ్డులా సాగితే ఇంకా ఆరలేదు. అయితే కొన్ని రకాలు ఆరకముందే తుడవాలి, సీసా మీద చదవండి. మొదట్లో ఒక్కో భాగమే పూసి తుడవండి, కారంతా ఒకేసారి వద్దు.

ఇంకో మాట. మూడు వారాలకే పోయిందని ఎలా తేల్చారు? పైన దుమ్ము, చెట్టు జిగురు పేరుకున్నా బొట్లు కట్టవు. షాంపూతో కడిగి మళ్లీ నీళ్లు కొట్టి చూడండి. తర్వాత చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ నిమరండి. ఇసుకలా గరగరలాడితే మీ వ్యాక్స్ పెయింటు మీద కాదు, మురికి మీద కూర్చుంది. అప్పుడు క్లే బార్, అంటే పెయింటుకి అతుక్కున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద, తడి మీద రుద్ది పట్టించాల్సిందే. నలుపు కాబట్టి తడి ఆరనివ్వకండి, గీతలు పడతాయి. క్లే కింద పడిందా, పారేయండి, కడిగినా నమ్మొద్దు.

ఆ తెల్ల చారలకి ఆల్ పర్పస్ క్లీనరు, పాత టూత్‌బ్రష్. ఈసారి ముందే టేపు వేసుకోండి.

శనివారం_సబ్బునీళ్లు:

పాతబకెట్టు గారితో నాకు చిన్న పేచీ. నా కుడిభుజానికి ఆపరేషన్ అయ్యాక లిక్విడ్ కూడా నావల్ల కాలేదు. రెండేళ్లుగా సిరామిక్ స్ప్రే మీదే ఉన్నాను. మీరు భయపడుతున్న కోటింగ్ వేరు, ఇది వేరు, వాడకంలో స్ప్రే వ్యాక్స్ లాంటిదే. కడిగి ఆరబెట్టాక గుడ్డ మీద కొట్టి, పూసి, పొడి గుడ్డతో తిప్పి తుడిస్తే అయిపోయింది. సీసా మీద ఏం రాసినా నాకు మూడు నెలలు వస్తోంది.

నలుపు మీద మాత్రం ఎక్కువ కొడితే ఇంద్రధనుస్సులా మచ్చలు తేలతాయి. పోయిన వర్షాకాలం ముందు రూఫ్ మీద చేసి ఏడ్చాను. మీరు ఏడాదికి రెండుసార్లే అంటున్నారు గనక లిక్విడే మేలేమో. నాలా నెలకోసారి ఎలాగూ కడిగే వాళ్లకి స్ప్రే.

నల్లబండి:

కడిగి చూశానండీ. డోర్ల మీద బొట్లు మళ్లీ ముత్యాల్లా నిలబడ్డాయి! బానెట్, రూఫ్ మీద లేవు. కవరు తొడిగి నిమిరితే గరగర కాదు, ఉప్పుకాగితమే. క్లే, లిక్విడ్ రెండూ తెప్పించాను. డోర్ల మీద మిగిలిన పాత వ్యాక్స్ గీకేయాలా?

పాతబకెట్టు:

గీకడాలేం వద్దు, క్లే పట్టిస్తే చాలావరకు అదే పోతుంది. ఎండ, రెట్టలు అన్నీ పడేది బానెట్, రూఫ్ మీదే కాబట్టి వాటికి మర్నాడు రెండో పూత వేయండి. డోర్లకి ఒకటి చాలు. పొద్దున్నే మొదలుపెట్టండి, ఫోన్ ఇంట్లో వదిలేసి.