కేసులోంచి పేరు పోయినా పాత వార్త అలాగే ఉండాలా?

పాతపేజీ:
ఫలానా వ్యక్తిని అరెస్టు చేశారని వార్త వస్తుంది. కొన్నేళ్లకు కోర్టు అతను నిర్దోషి అంటుంది. ఆ సంగతి ఎక్కడా ఒక్క వాక్యం రాదు. నెట్‌లో పేరు కొడితే మాత్రం ఇప్పటికీ అరెస్టు వార్తే ముందు వస్తుంది. దాన్ని తీసేయమని అడిగే హక్కు అతనికి ఉండాలా? నేను 14 ఏళ్లు న్యూస్ డెస్క్‌లో పనిచేశాను. తీసేయకూడదనే అంటాను. అరెస్టు జరిగిన మాట నిజం. నిజమైన వార్తను తుడిపించుకునే దారి ఒకటి తెరిస్తే ముందు అందులోకి వచ్చేది పలుకుబడి ఉన్నవాళ్లే.

నీలిసిరా:
మా తమ్ముడు పనిచేసే చోట డబ్బు పోయింది. మరో నలుగురితో పాటు వాణ్నీ పోలీసులు తీసుకెళ్లారు. ఒక పత్రిక వెబ్‌సైట్‌లో వాడి పేరు, వయసు, మా నాన్న పేరుతో సహా వేశారు. పది నెలల తర్వాత చార్జిషీటులో వాడి పేరు లేదు. వాడికి సంబంధం లేదని పోలీసులే రాశారు. ఇది జరిగి ఐదేళ్లు. ఇంటర్వ్యూ బాగానే అవుతుంది, రెండు రోజుల్లో చెబుతామంటారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తరు. చార్జిషీటు కాపీ జతచేసి ఆ పత్రికకు మూడు మెయిళ్లు పంపాం. జవాబు లేదు. జరిగింది జరిగినట్టు ఉండాలంటున్నారు కదండీ, వాడి తప్పు లేదని తేలడం కూడా జరిగిందే. మరి అది ఆ పేజీలో ఎందుకు లేదు?

దారిదీపం:
ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. వార్త ఉండటం వేరు, పేరు కొట్టగానే అదే ముందు రావడం వేరు. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2014 మే 13న ఇచ్చిన తీర్పులో తేల్చింది ఈ తేడానే. స్పెయిన్‌లో ఒకాయన బాకీ పడితే ఆస్తి వేలం ప్రకటన 1998లో పత్రికలో వచ్చింది. బాకీ తీరి ఏళ్లు గడిచినా పేరు వెతికితే అదే కనిపించేది. పత్రిక పేజీ అలాగే ఉన్నా, ఆ మనిషి అడిగితే పేరుతో వెతికినప్పుడు గూగుల్ ఆ లింకు చూపకూడదు అని కోర్టు అంది. ప్రజలు తెలుసుకోవాల్సిన అవసరం బలంగా ఉంటే అప్పుడు వేరు, ఉదాహరణకు ఆ మనిషి ప్రజాజీవితంలో ఉంటే. వెనకటికి పాత పేపరు చూడాలంటే లైబ్రరీకి వెళ్లి బైండు చేసిన సంపుటాలు తిరగేయాలి. అంత శ్రమపడేవాడికి ఏదో గట్టి కారణం ఉండేది. ఇప్పుడు ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు కూడా అర నిమిషంలో చూసేస్తున్నారు.

పాతపేజీ:
నీలిసిరా గారూ, మీ తమ్ముడి సంగతి చదివి బాధేసింది. అయినా దారిదీపం గారితో ఒక పేచీ ఉంది. ఏ లింకు ఉండాలో, ఏది పోవాలో ముందుగా తేల్చేది ఎవరు? ఒక ప్రైవేటు కంపెనీ. కోర్టు చేయాల్సిన పని దాని చేతిలో పెట్టి ఊరుకోవడం నాకు నచ్చదు.

రాళ్లరాత:
నేను పాత పత్రికల మీద పరిశోధన చేస్తుంటాను. తప్పుడు అరెస్టులు ఎన్ని జరిగాయో రేపు ఎవరైనా లెక్క తీయాలంటే ఈ వార్తలే ఆధారం. వాటిని తుడిచేస్తే అన్యాయానికి గురైనవాళ్లతో పాటు అన్యాయం చేసినవాళ్లు కూడా కనబడకుండా పోతారు. కాబట్టి వార్త పోకూడదు. పేరు పోవచ్చు. బెల్జియంలో 'ల సువార్' పత్రిక కేసు ఇదే. 1994లో జరిగిన రోడ్డు ప్రమాదం వార్తలో డ్రైవరు పేరుంది. ఆయనకు శిక్ష పడింది, తర్వాత చట్టప్రకారం ఆ మచ్చ కూడా తొలగింది. ఆన్‌లైన్ కాపీలో పేరు బదులు ఒక అక్షరం పెట్టమని అక్కడి కోర్టులు ఆదేశించాయి. పత్రిక యూరప్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లింది. 2023 జులైలో 12 మంది జడ్జీలు ఆ ఆదేశం సరైనదే అన్నారు, ఐదుగురు కాదన్నారు. అచ్చయిన అసలు ప్రతి మాత్రం మారలేదు.

పాతపేజీ:
ఆ ఐదుగురి వైపే ఉంటాను. శిక్ష పడినవాళ్ల పేర్లు కూడా తీస్తూ పోతే ఎక్కడ ఆగుతాం? కానీ మీ తమ్ముడి విషయంలో తప్పు మా వృత్తిదే. అరెస్టు వార్త పోలీసుల ప్రెస్‌నోట్‌గా చేతికొస్తుంది, పది నిమిషాల్లో పేజీ ఎక్కుతుంది. కేసు తేలిన వార్త కావాలంటే ఎవరో ఒకరు ఏళ్ల తరబడి వాయిదాలు గుర్తుపెట్టుకోవాలి. మా డెస్క్‌లో అలాంటి లెక్క ఎవరూ రాసేవారు కాదు. నేనూ రాయలేదు. ఇలా ఎన్ని పేర్లు నా చేతుల మీదుగా వెళ్లాయో తలచుకుంటే నిద్ర పట్టడం లేదు. అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ 2021లో ఒక నిర్ణయం తీసుకుంది: కేసు చివరిదాకా ఫాలో అయ్యే ఉద్దేశం లేని చిన్న నేరాల వార్తల్లో నిందితుల పేర్లు వేయరు. మేము ఇది ఎప్పుడో చేయాల్సింది.

నీలిసిరా:
మీరు అలా అన్నందుకు థాంక్సండీ. కానీ ఆ ఒక్క పత్రిక మార్చినా సరిపోతుందా? ఆ వార్తను మక్కీకి మక్కీ కాపీ చేసిన సైట్లు మరో మూడున్నాయి. వాటిలో రెండింటికి మెయిల్ ఐడీ కూడా లేదు.

దారిదీపం:
అన్నీ పోవు, అబద్ధం చెప్పను. అసలు పేజీ నుంచే మొదలుపెట్టండి. నాలుగో మెయిల్ నేరుగా ఎడిటర్ పేరున రాయండి. వార్త పైన 'ఈ కేసు చార్జిషీటులో ఇతని పేరు లేదు' అని తేదీతో చేర్చమనండి. పేరు తీసి పొడి అక్షరం పెట్టమనండి. అది కుదరకపోతే, కనీసం సెర్చ్‌లో రాకుండా ఆ పేజీకి నోఇండెక్స్ ట్యాగ్ పెట్టమనండి, అది ఐదు నిమిషాల పని. వార్త తొలగించమని మాత్రం అడగొద్దు, ఆ మాట చూడగానే మెయిల్ పక్కన పడేస్తారు.

రాళ్లరాత:
పేరు మార్చినట్టు పేజీ కింద తేదీతో రాయాలని కూడా అడగండి. చెప్పకుండా మార్చిన పేజీని నేను ఆధారంగా వాడలేను.

పాతపేజీ:
నీలిసిరా గారూ, ఆ ఉత్తరం నేను రాసిస్తాను. డెస్క్‌లో ఉన్నవాళ్లు ఏది చదువుతారో, ఏది చదవరో నాకు తెలుసు. చార్జిషీటులో తమ్ముడికి సంబంధం లేదన్న పేజీ నంబరు ఒక్కటి చూసి పెట్టుకోండి.