మెర్సీ సిస్టర్ల సభ తొలి పదేళ్ళలో అంత వేగంగా ఎలా పెరిగింది?

ప్రశ్న:
డబ్లిన్‌లో కేథరిన్ మెకాలీ స్థాపించిన మెర్సీ సిస్టర్లు అనే కాథలిక్ మఠకన్యల సభ గురించి చదువుతున్నాను. 1831 డిసెంబరు 12న మాటపట్టు (మఠకన్యల వ్రతం) చేసినవాళ్ళు ముగ్గురే. 1841 నవంబరులో ఆమె చనిపోయేనాటికి సిస్టర్లు సుమారు 150 మంది, ఇంగ్లండులో కూడా మఠాలు. ఆమెకు వచ్చిన ఆస్తి వల్లే ఇదంతా సాధ్యమైందా? కొత్త మఠం పెట్టేటప్పుడు ఏ పద్ధతి పాటించేవారు?

జవాబు 1:
ఆస్తి మొదటి ఇంటికి మాత్రమే అక్కరకొచ్చిందండి. ఆశ్రయమిచ్చిన క్యాలహన్ గారి నుంచి 1822లో సుమారు 25,000 పౌండ్లు ఆమెకు సంక్రమించాయి. అందులో పెద్ద మొత్తం డబ్లిన్‌లోని బ్యాగట్ వీధి భవనానికే పోయింది. 1827 సెప్టెంబరు 24న తెరిచినప్పుడు అది మఠం కాదు. పేద పిల్లల బడి, పనికోసం నగరానికొచ్చిన ఆడపిల్లలకు ఆశ్రయం. నడిపినవాళ్ళూ మఠకన్యలు కారు. చూడటానికి మఠంలా ఉండి మఠం కాకపోవడం ఏమిటని కొందరు చర్చి గురువులు తప్పుపట్టారు. అందుకే 1830 సెప్టెంబరులో కేథరిన్, మరో ఇద్దరు జార్జెస్ హిల్‌లోని ప్రెజెంటేషన్ అనే మరో సభ మఠంలో నోవిస్‌లుగా (శిక్షణలో ఉన్న మఠకన్యలుగా) చేరారు. అంటే సేవ ముందు మొదలై, సభ ఆ తర్వాత పుట్టింది. అసలు బలం అక్కడే ఉందని నా అభిప్రాయం. ఆ ముగ్గురిలో ఒక సిస్టర్ నాలుగు నెలలకే చనిపోయినా, 1832 కలరాలో మిగతావాళ్ళు టౌన్‌సెండ్ వీధి ఆసుపత్రిలో రోగులకు సేవ చేయగలిగారు.

జవాబు 2:
పద్ధతి గురించి చెబుతాను. కింగ్స్‌టౌన్, బూటర్స్‌టౌన్ ఇళ్ళు రెండూ బ్యాగట్ వీధికి శాఖలు. మిగతావి దేనికది స్వతంత్రం: సొంత సుపీరియర్ (మఠాధిపతి), సొంత నోవిషియేట్ (కొత్తవాళ్ళ శిక్షణ విభాగం), పైన స్థానిక మేత్రాణుల (బిషప్) అధికారం. ముందు బిషప్ గానీ విచారణ గురువు (ఆ ఊరి చర్చి గురువు) గానీ ఆహ్వానించాలి, ఇంటికీ పోషణకూ దారి కనిపించాలి. కొద్దిమంది సిస్టర్లను పంపేవారు. 1836లో టల్లమోర్‌కు వెళ్ళింది ఇద్దరే. కేథరిన్ స్వయంగా వెంట వెళ్ళి దాదాపు నెల రోజులు అక్కడే ఉండేవారు. ఊళ్ళోని యువతులు చేరితే అక్కడే తర్ఫీదు ఇచ్చేవారు, కనుక డబ్లిన్ మీద భారం పడేది కాదు. 1837లో పెట్టిన కార్లో మఠాన్నే చూడండి: 1839లో నేస్, 1840లో వెక్స్‌ఫర్డ్, 1843లో అమెరికాలో పిట్స్‌బర్గ్. పిల్ల మఠమే తల్లి మఠమైంది.

ఇంగ్లండులో వరుస మారింది. బర్మింగ్‌హామ్ అభ్యర్థులు ముందు బ్యాగట్ వీధిలో శిక్షణ పొంది, 1841లో తమ ఊరి మఠానికి తిరిగి వెళ్ళారు. పరాయి దేశంలో ఇదే సరైన పద్ధతి.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలండి. ప్రెజెంటేషన్ మఠంలో శిక్షణ పొందినవాళ్ళు వీధుల్లోకి ఎలా వెళ్ళగలిగారు? ఆ సభ సిస్టర్లు మఠం దాటకూడదు కదా?

జవాబు 3:
ఆ చిక్కు నియమావళిలోనే తీర్చుకున్నారు. ప్రెజెంటేషన్ నియమావళిని ఆధారంగా తీసుకుని కేథరిన్ దాన్ని సవరించారు. రోగుల్ని ఇళ్ళకు వెళ్ళి చూడటం, పేద స్త్రీలకు ఆశ్రయమివ్వడం గురించి అధ్యాయాలు చేర్చారు. రోము 1841లో దాన్ని ధృవీకరించింది. ‘నడిచే సిస్టర్లు’ అని పేరొచ్చింది అందుకే.

అయితే అన్నీ సాఫీగా జరగలేదు. కింగ్స్‌టౌన్‌లో పేద పిల్లల బడి కట్టారు, ఖర్చు ఎవరు భరించాలో ముందే తేల్చుకోలేదు. విచారణ గురువు ఏర్పాటు చేస్తారని కేథరిన్ అనుకున్నారు, తీరా బాకీ ఆమె పేరు మీదికి వచ్చి కాంట్రాక్టరు కోర్టుకెక్కాడు. 1838లో ఆ ఇల్లు మూసేయాల్సివచ్చింది. చార్లెవిల్‌లో చెమ్మ పట్టిన ఇల్లు సిస్టర్ల ఆరోగ్యాన్ని దెబ్బతీసింది, ఆ మఠం ఎత్తేద్దామా అన్నంతవరకు వచ్చింది. లండన్‌లో బెర్మండ్సీ మఠానికి నక్షా గీసింది పేరున్న వాస్తుశిల్పి ప్యూజిన్, అయినా అది నివాసానికి అనువుగా లేదని కేథరిన్‌కు అసంతృప్తే.

ఇంకొకటి, జవాబు 2లో చెప్పిన స్వతంత్రత రెండంచుల కత్తి. కింగ్స్‌టౌన్ శాఖ గనక దాని అప్పు నేరుగా బ్యాగట్ వీధికి తగిలింది. స్వతంత్ర మఠమైతే అలా తగలదు. కానీ కేథరిన్ పోయాక అన్ని మఠాలకూ కలిపి ఒక సుపీరియర్ జనరల్ అంటూ లేకపోయారు. ఒక మఠంలో సిస్టర్లు తక్కువైతే ఇంకో మఠం నుంచి ఆజ్ఞాపించి పంపే అధికారం అప్పట్లో ఎవరికీ ఉండేది కాదు, బతిమాలుకోవాల్సి వచ్చేది.