డబ్బు కట్టి ఆన్‌లైన్ ట్యూటర్‌తో ఇంగ్లీష్ మాట్లాడటం: పనికొస్తుందా, దండగా?

చిలకపచ్చ:
మూడు నెలలుగా వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి అరగంట. ట్యూటర్ మంచావిడే, నవ్వుతూ మాట్లాడతారు. కానీ ఆఫీసు మీటింగ్‌లో నోరు విప్పాలంటే ఇప్పటికీ టెన్షనే. ఇంకో మూడు నెలలు కట్టాలా, మానేసి సొంతంగా తంటాలు పడాలా?

రాతిగుండు:
మానేయండి. నేను పైసా ఖర్చు లేకుండా నేర్చుకున్నాను. ఒక విషయం మీద ఫోన్‌లో నాలుగు నిమిషాలు రికార్డ్ చేసేవాణ్ణి. అదే విషయం మళ్ళీ మూడు నిమిషాల్లో, ఆఖరున రెండు నిమిషాల్లో. పాల్ నేషన్ అనే ప్రొఫెసర్ 1989లో ఈ 4/3/2 పద్ధతి గురించి రాశారు. అసలైతే ప్రతిసారీ వినే మనిషి మారాలి, నాకు మాత్రం మూడుసార్లూ గోడే. మూడోసారికి నసుగుడు చాలావరకు పోతుంది.

మూడోఅంతస్తు:
గోడ తప్పులు దిద్దదు కదండీ. ఫోటోగ్రాఫ్‌లో మొదటి అక్షరాన్ని ఒత్తి పలకాలి, ఫోటోగ్రఫీలో రెండోదాన్ని. మన తెలుగులో అలా ఒత్తి పలికే చోటు మారితే మాట మారిపోదు, అందుకే ఆ తేడా నా చెవికి ఎక్కేదే కాదు. ఎదుటి మనిషి ఆపి చెప్పాకే తెలిసింది. నాలుగు నిమిషాల తప్పుని రెండు నిమిషాల్లో చెప్పడం నేర్చుకుంటే లాభమేంటి?

చిలకపచ్చ:
ఇవి చదివాక పాత క్లాసు రికార్డింగ్ పెట్టి టైమ్ చూసుకున్నాను. ముప్పై నిమిషాల్లో నేను మాట్లాడింది పదకొండు! మిగతాదంతా ఆవిడ సెలవుల ముచ్చట్లే. ఒకచోట నేను "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అన్నాను. ఆవిడ "ఓ, యూ హావ్ టూ బ్రదర్స్, నైస్!" అని ముందుకెళ్ళిపోయారు. నన్ను దిద్దారని ఆరోజు తట్టనేలేదు. కాసేపటికే మళ్ళీ అదే తప్పు.

మూడోఅంతస్తు:
అచ్చం ఇదే లిస్టర్, రాంటా అనే పరిశోధకులు 1997లో రాశారు. కెనడాలో పిల్లల ఫ్రెంచ్ తరగతులు గమనిస్తే, టీచర్లు దిద్దిన వాటిలో సగానికి పైగా ఇలా మాటలో మాటగా దిద్దినవేనట. పిల్లలు అతి తక్కువగా స్పందించిందీ వాటికే. ఆవిడకి ముందే చెప్పండి: "తప్పు రాగానే ఆపండి, సరైన వాక్యం నాతోనే చెప్పించండి" అని. మీరు నొచ్చుకుంటారని ఆగుతున్నారేమో.

రాతిగుండు:
ఫోటోగ్రఫీ సంగతి ఒప్పుకుంటా, నాకూ అది తెలియదు. కానీ ఈ హావింగ్ తప్పు పట్టిందెవరు? రికార్డింగ్ విని చిలకపచ్చగారే పట్టుకున్నారు. ఆ పనికి ట్యూటర్ ఎందుకు?

చిలకపచ్చ:
పట్టింది నేనే, కానీ పక్కనే సరైన వాక్యం వినపడింది కాబట్టి పట్టగలిగాను. గోడ ఆ వాక్యం చెప్పదుగా. ఇంకొక్క నెలే కడుతున్నా. రేపటి క్లాసులో కబుర్లు వద్దు, నా మీటింగ్ రిపోర్ట్ రిహార్సల్ చేద్దాం, తప్పు రాగానే ఆపండి అని ట్యూటర్‌కి మెసేజ్ పెట్టాను. "ష్యూర్" అని ఒక్క ముక్క జవాబొచ్చింది. నొచ్చుకున్నట్టున్నారు.