ఎన్‌దెబెలె రంగుల గోడలు: జనం కాపురముంటున్న ఇళ్లు ఎక్కడ చూడొచ్చు?

వచ్చే నెల ఆఫీసు పని మీద జోహన్నెస్‌బర్గ్ వెళ్తున్నాను. ఒక్క ఆదివారమే ఖాళీ. దక్షిణాఫ్రికాలోని ఎన్‌దెబెలె తెగ ఆడవాళ్లు రంగులేసిన ఇళ్లు చూడాలని ఎప్పటినుంచో కోరిక. 1883లో బోయర్ల (అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతి తెల్లవాళ్ల) చేతిలో ఓడి, భూములు పోయి, జనం తలో పొలంలో కూలీలుగా చెదిరిపోయాక కూడా మేం ఫలానా అని చెప్పుకున్నది ఆ గోడలతోనే కదా. ఆ తెగ చిత్రకారిణి ఎస్తేర్ మహ్లాంగు 1991లో బీఎండబ్ల్యూ కారు మీద వేసినవీ ఆ గీతలే. కోడి ఈకతో, స్కేలు లేకుండా, అంత తిన్నగా నల్లగీత! (మా అమ్మ ముగ్గు కూడా అంత తిన్నగా రాదు, ఆమెకి చెప్పకండి.)

టూరిస్టుల కోసం కట్టినవి వద్దు. మ్పుమలాంగా రాష్ట్రం వైపు జనం ఉంటున్న ఇళ్లు ఏ ఊళ్లో కనిపిస్తాయి? ఫొటో తీసుకుంటే డబ్బులివ్వాలా, ఇస్తే తప్పుగా అనుకుంటారా? అక్కడుంటున్న తెలుగువాళ్లెవరైనా కాస్త చెప్పండి.